తలుపు తీయకుండానే: ఆధునిక అరబ్బీ కథల్లో స్త్రీ స్వేచ్ఛ, ఆశ

కైరో నడిబొడ్డున ఒక ఫ్లాటు. మధ్యాహ్నం వేళ. మంచం మీద భర్త తన సుఖం తాను చూసుకుంటున్నాడు. భార్య చూపు పైకప్పు మూలన పట్టిన సాలెగూడు మీద ఉంది. దాన్ని దులపాలి అనుకుంటోంది. పెళ్లయిన కొత్తలో తనకూ ఒక కోరిక ఉందని అతనికి తెలియజెప్పబోతే కసురుకున్నాడు. ఆ తర్వాత అడగడం మానేసింది. ఇంతలో అజాన్ వినిపిస్తుంది. లేచి, ఒళ్లు కడుక్కుని, నమాజు చేసుకుంటుంది. తస్బీ పూసలు తిప్పుతూ బయటికి చూస్తుంది. ఒకప్పుడు అక్కణ్నుంచి ఎన్నో మినార్లు కనిపించేవి. ఎత్తయిన భవనాలు లేచాక దూరంగా ఒక్కటే మిగిలింది. కాఫీ కలిపి భర్త దగ్గరికి తీసుకెళ్తే అతను చనిపోయి ఉంటాడు. కొడుకును డాక్టరు కోసం పంపిస్తుంది. ముందుగదిలోకి వచ్చి కూర్చుని ఆ కాఫీ తనే పోసుకుంటుంది. ఇంత నిబ్బరంగా ఎలా ఉండగలుగుతున్నానా అని ఆమెకే ఆశ్చర్యం. కథ అక్కడ ఆగిపోతుంది.

ఈజిప్టు రచయిత్రి అలీఫా రిఫాత్ (1930–1996) రాసిన ‘దూరంగా కనిపించే మినారు’ కథ ఇది. కొద్ది పేజీలే. ఇందులో ఎవరూ ఇల్లు వదిలి వెళ్లరు, ఎవరినీ ఎదిరించరు, ఒక్క నినాదం కూడా లేదు. అయినా చదివినవాళ్లను ఆ కాఫీ వదలదు. అతని కోసం పెట్టిన కాఫీని ఆమె పారబోయలేదు, చల్లారనివ్వలేదు. తాగడానికి కూర్చుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె తన కోసం చేసుకున్న మొదటి పని అదేనేమో అనిపిస్తుంది.

ఇది స్వేచ్ఛేనా అని ఎవరైనా అడగవచ్చు. మొగుడు పోవడం వల్ల వచ్చిన వెసులుబాటును స్వేచ్ఛ అనగలమా? రిఫాత్ అలాంటి పేరేమీ పెట్టలేదు. ఆ క్షణంలో ఆమెలో దుఃఖం లేదని మాత్రం చెప్పి ఊరుకుంది. మన సమాజంలాగే అక్కడా భర్త పోయిన ఆడది ఏడవాలి, గుండెలు బాదుకోవాలి. ఆ ఏడుపు రాకపోవడమే ఈ కథలోని తిరుగుబాటు. అది ఎవరికీ కనపడదు, ఆమెకూ పాఠకులకూ మాత్రమే తెలుస్తుంది.

నమాజు సంగతి కూడా చూడాలి. మతాన్ని ఆడవాళ్ల సంకెలగా మాత్రమే చూడటానికి అలవాటుపడ్డ పాఠకులకు ఈ కథ కొరుకుడు పడదు. ఆమె రోజులో ఎవరూ అడ్డురాని సమయం ప్రార్థనా సమయమే. ఆ అయిదు పూటలే ఆమె బతుకుకు ఒక వరుసను, అర్థాన్ని ఇస్తున్నాయి. రిఫాత్ స్వయంగా గట్టి విశ్వాసి. భార్య పట్ల మగవాడికి మతం కొన్ని బాధ్యతలు పెట్టింది, వాటిని అతను నిలబెట్టుకోవడం లేదు అన్నది ఆమె ఫిర్యాదు. ఆ ఫిర్యాదును ఆమె మతం లోపలి నుంచే చేసింది. అందుకే ఆమె పాత్రలు దేవుడి మీద అలగవు, మొగుళ్ల మీద అలుగుతాయి.

ఆమె సొంత జీవితం ఇంకో కథ. పై చదువులు చదవాలనుకుంటే ఇంట్లోవాళ్లు పెళ్లి చేశారు. భర్త పోలీసు అధికారి. ఆయన బదిలీల వెంట ఈజిప్టు పల్లెలూ చిన్న పట్నాలూ తిరిగింది. భార్య పేరు పత్రికల్లో కనబడటం ఆయనకు ఇష్టం లేదు, ఫాతిమా అన్న అసలు పేరు పక్కనపెట్టి ‘అలీఫా’ అని రాసుకుంది. 1960 ప్రాంతానికి ప్రచురణ పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. మళ్లీ 1970లలో గానీ ఆమె కథలు వెలుగు చూడలేదు. పదేళ్లకు పైగా సాగిన ఆ మౌనాన్ని గుర్తుపెట్టుకుని చదివితే ఆమె వాక్యాలు ఎందుకు అంత పొదుపుగా ఉంటాయో తెలుస్తుంది.

అరబ్బీలో స్త్రీల రచన మొన్నమొన్న మొదలైంది కాదు. 1892లోనే అలెగ్జాండ్రియాలో హింద్ నౌఫల్ స్త్రీల కోసం ‘అల్ ఫతాత్’ పత్రిక పెట్టింది. 1923లో ఈజిప్టు స్త్రీవాద నాయకురాలు హుదా షారావీ కైరో రైల్వే స్టేషనులో ముసుగు తీసిన సంగతి చరిత్ర పుస్తకాలన్నింటా ఉంది. అయితే ఆ తొలి దశలో స్త్రీ గురించి వచ్చిన కథలు ఎక్కువగా సంస్కరణ పాఠాలు. బాధితురాలు ఉంటుంది, ఆమె కన్నీళ్లు చూసి సమాజం కళ్లు తెరవాలి. మన దగ్గర వితంతు వివాహం మీద వచ్చిన తొలినాటి కథల తీరు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. 1950ల తర్వాత వచ్చిన తరం ఆ పాఠాన్ని పక్కనపెట్టి, ఆ స్త్రీ తలలో ఏం జరుగుతోందో రాయడం మొదలుపెట్టింది.

చట్టాలు మాత్రం కథలంత చురుగ్గా కదల్లేదు. ఈజిప్టులో ఇల్లు వదిలి వెళ్లిన భార్యను ‘విధేయతా గృహం’ పేరుతో పోలీసుల సాయంతో వెనక్కి లాక్కొచ్చే పద్ధతి 1967 దాకా నడిచింది. మెహర్ (పెళ్లిలో భర్త ఇచ్చే సొమ్ము) వదులుకుని, భర్త తప్పు రుజువు చేయకుండానే కోర్టు ద్వారా ఖులా, అంటే భార్య కోరే విడాకులు, తీసుకునే హక్కు 2000లో వచ్చింది. ట్యునీషియా మాత్రం 1956లోనే బహుభార్యాత్వాన్ని నిషేధించింది. అందువల్ల ‘అరబ్బు స్త్రీ’ అని ఒకే మూసలో మాట్లాడటం కుదరదు. ట్యూనిస్‌లో రాసిన కథలో తలుపు కొంచెం తెరిచి ఉండొచ్చు, అదే ఏడు ఎగువ (దక్షిణ) ఈజిప్టు పల్లెలో రాసిన కథలో కిటికీ కూడా లేకపోవచ్చు.

ఆ పల్లె కథల్లో రిఫాత్‌దే ఇంకొకటి ఉంది, గొబాషీ వాళ్ల ఇంట్లో జరిగిన సంఘటన. తండ్రి పని కోసం లిబియా వెళ్లాడు. పెళ్లికాని కూతురు నీమా గర్భవతి అయింది. తల్లి జీనత్‌కు విషయం తెలిసిపోతుంది. బయటపడితే ఆ పిల్ల ప్రాణం దక్కదని ఆమెకు తెలుసు. తిట్టదు, కొట్టదు. డబ్బులు చేతిలో పెట్టి కైరోలో తెలిసినవాళ్ల దగ్గరికి పంపించేస్తుంది. తర్వాత తన నడుముకు గుడ్డలు చుట్టుకుని, పైన నల్లటి పొడుగు గౌను తొడుక్కుని, కడుపుతో ఉన్న ఆడదానిలా నడిచి చూసుకుంటుంది. పుట్టబోయే బిడ్డ ఇక తన బిడ్డ. భర్త తిరిగొచ్చాక ఆ బిడ్డకు తండ్రి కూడా అతనే.

పరువు అనే వ్యవస్థను ఈ తల్లి కూలగొట్టలేదు. దాన్ని మోసం చేసింది. కూతురి ప్రాణం నిలబెట్టడానికి ఆమె చేతిలో ఉన్న పనిముట్లు నాలుగు గుడ్డపీలికలు, ఒక అబద్ధం. ఈ కథలో ఆశ ఎంత గట్టిదో అంత చేదుది. కూతురు తన బిడ్డను ఎన్నటికీ నా బిడ్డ అనలేదు. పరువు లెక్క మాత్రం సరిపోతుంది. రచయిత్రి ఈ నష్టాన్ని దాచలేదు, తల్లి తెలివిని మెచ్చుకుంటూ చప్పట్లూ కొట్టలేదు.

ఆడవాళ్లంతా ఎప్పుడూ ఒకరికొకరు తోడు నిలుస్తారని కూడా రిఫాత్ నమ్మలేదు. ‘బహియ్యా కళ్లు’ కథలో చూపు పోతున్న ముసలి తల్లి కూతురితో తన బతుకు చెప్పుకుంటుంది. చిన్నప్పుడు మట్టితో బొమ్మలు చేసుకుంటూ మగ, ఆడ తేడాను కనిపెట్టిన పిల్ల ఆమె. ఆమెను పట్టుకుని కింద పడుకోబెట్టి సున్తీ చేసింది ఊళ్లోని ఆడవాళ్లే. ఈజిప్టులో ఆ పనిని నేరంగా ప్రకటించిన చట్టం 2008లో వచ్చింది. కథ అంతకు పాతికేళ్ల ముందే వచ్చింది. తన కళ్లు పోయాయన్న బాధకంటే, ఆడదానిగా పుట్టినందుకు తనకు బతకడమే దొరకలేదన్న బాధ బహియ్యాది. ఇక్కడ ఆశ అంటూ ఏదైనా ఉంటే అది, ఆమె ఆ మాటలను మొదటిసారిగా బయటికి అనడం, అదీ కూతురి దగ్గర.

బయటికి అనడం వల్ల ఏమవుతుందో లెబనాన్ రాజధాని బీరూట్‌లో రచయిత్రి లైలా బాల్‌బకీకి బాగా తెలుసు. 1963లో వచ్చిన ఆమె కథాసంపుటి ‘చంద్రుడి మీదికి అనురాగ నౌక’ మీద మరుసటి ఏడాది అశ్లీల కేసు పెట్టారు. నైతిక విభాగం పోలీసులు ఆమెను పిలిపించి ప్రశ్నించారు, పుస్తకం ప్రతులు పట్టుకుపోయారు. ఆ శీర్షిక కథలో నేరం ఏమిటయ్యా అంటే, భార్యాభర్తలు పక్కమీద ఒకరినొకరు ప్రేమగా తాకుతూ మాట్లాడుకుంటారు. భర్తకు బిడ్డ కావాలి, ఆమెకు ఇప్పుడు వద్దు. ఆ స్త్రీ భర్తను ద్వేషించడం లేదు, అతను కావాలనుకుంటోంది, అయినా వద్దు అంటోంది. కోరికా నిరాకరణా ఒకే నోట రావడాన్ని ఆనాటి బీరూట్ పెద్దలు భరించలేకపోయారు.

1964లో కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. రచనను విడి వాక్యాలుగా తుంచకుండా మొత్తంగా చూడాలన్న వాదన గెలిచింది. అరబ్బు సాహిత్యంలో అది పెద్ద విజయమే. కానీ ఆ తర్వాత లైలా బాల్‌బకీ కొత్త కథాసంపుటి తేలేదు, పత్రికా రచనకే పరిమితమైంది. 2023లో చనిపోయింది. కోర్టు వదిలిన రచయిత్రిని సమాజం ఏ రకంగా ఆపగలదో చెప్పడానికి ఆ అరవై ఏళ్లు చాలు.

మాటను ఆపే పద్ధతుల్లో అన్నిటికన్నా మర్యాదస్తమైనది పిచ్చి అని ముద్ర వేయడం. ఆ పద్ధతిని సల్వా బక్ర్ (1949లో కైరోలో పుట్టింది) పట్టుకున్నంత బాగా ఇంకెవరూ పట్టుకోలేదు. ‘ముప్పై ఒక్క అందమైన పచ్చని చెట్లు’ కథను కరీమా ఫహ్మీ అనే ఉద్యోగిని పిచ్చాసుపత్రి నుంచి చెబుతుంది. రోజూ ఆఫీసుకు నడిచి వెళ్లే దారిలో చెట్లను లెక్కపెట్టుకుంటూ సంతోషపడిన మనిషి. నగరం ఒక్కో చెట్టునూ కొట్టేసింది. ఆమె అడిగింది. ఆఫీసులో కూడా అడగకూడనివి అడిగింది. అందరూ ఆమెలో ఏదో తేడా ఉందన్నారు. చివరికి తన నాలుకను తానే కోసుకోబోయి ఆసుపత్రిలో తేలింది. కథ పొడుగునా ఆమె మాట ఎంత సూటిగా, లెక్క తప్పకుండా ఉంటుందంటే, చెట్లు నరకడం తప్పన్న మనిషి లోపల ఉండి, నరికినవాళ్లు బయట ఉండటమే పాఠకులకు వింతగా తోస్తుంది.

సల్వా బక్ర్‌దే మరో కథలో సయ్యిదా అనే గృహిణి ఒకరోజు స్నానాల గదిలో కూనిరాగం తీస్తుంటే, తన గొంతు అద్భుతంగా మారిందని తెలుసుకుంటుంది. పిల్లలు, వంట, బట్టలు, సరుకుల క్యూ తప్ప ఏమీ లేని ఆడది. ఆ సంతోషం భర్తతో పంచుకోబోతే ఆయన కంగారుపడి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తాడు. డాక్టరు మాత్రలు రాస్తాడు. ఆమె మింగుతుంది. గొంతు మళ్లీ మామూలైపోతుంది. అప్పుడామె ఆ మాత్రలన్నీ మరుగుదొడ్డిలో పోసేస్తుంది.

పాట తిరిగి వస్తుందా? సల్వా బక్ర్ చెప్పలేదు. భర్త దుర్మార్గుడు కాడు, డాక్టరూ కాదు, ఇద్దరూ మంచి చేస్తున్నామనే అనుకున్నారు. ఆ మంచితనం నుంచి తప్పించుకోవడం దుర్మార్గం నుంచి తప్పించుకోవడం కంటే కష్టమని ఈ కథ చదివితే అర్థమవుతుంది. కాఫీ పోసుకున్న రిఫాత్ నాయిక, గుడ్డలు చుట్టుకున్న జీనత్, మాత్రలు పారబోసిన సయ్యిదా... ముగ్గురిదీ ఒక చేతి కదలికే. రాజ్యం వినేంత చప్పుడు కూడా ఉండదు దానికి.

కథానిక అనే ప్రక్రియకూ ఈ ఆశకూ ఉన్న లంకె ఇక్కడే ఉంది. నవల అయితే తర్వాత ఏమైందో చెప్పాలి. భర్త పోయిన ఆమెకు ఆస్తిలో ఎంత వచ్చింది, బావగార్లు ఏమన్నారు, మందులు మానేసిన భార్యను భర్త ఏం చేశాడు, ఇవన్నీ నవల తప్పించుకోలేదు. చెప్పుకుంటూ పోతే ఆశ చాలాసార్లు అరిగిపోతుంది. కథానిక ఆ కదలిక దగ్గరే ఆగగలదు. ఆ తర్వాతి కష్టం పాఠకులకు తెలియక కాదు, తెలిసే ఆ ఒక్క క్షణాన్ని దాచుకుంటారు. పైగా ఈ రచయిత్రుల్లో చాలామందికి దొరికిన సమయమూ అంతే. ఇంటిపని మధ్య రాసుకోగలిగేది, పత్రికలో ఒక పేజీలో పట్టేది కథానికే.

మగ రచయితలూ ఈ గదుల్లోకి తొంగిచూశారు, కొందరు చాలా లోతుగా. డాక్టరైన ఈజిప్టు రచయిత యూసుఫ్ ఇద్రీస్ 1958లో రాసిన ‘పరువు సంగతి’లో ఏ పాపమూ ఎరగని పల్లెపిల్ల ఫాత్మా మీద పుకారు పుడుతుంది. ఊరి ఆడవాళ్లు ఆమెను పరీక్షించి నిర్దోషి అని తేలుస్తారు. ఆ పరీక్షతోనే ఆమెలోని అమాయకత్వం చచ్చిపోతుంది. 1971లో వచ్చిన ‘మాంసపు ఇల్లు’ మరీ భయంకరం. ఒకే గది ఇంట్లో ఒక వితంతువు, ముగ్గురు కూతుళ్లు, ఆమె పెళ్లాడిన గుడ్డి ఖురాన్ పాఠకుడు. పెళ్లి ఉంగరం తల్లి వేలి నుంచి కూతుళ్ల వేళ్లకు మారుతూ ఉంటుంది, ఎవరూ నోరు విప్పరు. ఇద్రీస్ కథనశక్తికి సాటి తక్కువ. అయినా అతని స్త్రీలు ఉచ్చులో చిక్కినవాళ్లుగానే మిగులుతారు. ఉచ్చులో ఉంటూనే మరో పని చేయగల స్త్రీ కోసం రిఫాత్, సల్వా బక్ర్‌ల దగ్గరికే రావాలి.

నవాల్ అల్ సాదావీ (1931–2021) దారి వేరు. ఆమె డాక్టరు, ఉద్యమకారిణి, 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ ప్రభుత్వం జైల్లో పెట్టిన మనిషి. ‘స్వర్గంలో ఆమెకు చోటు లేదు’ కథలో జైనబ్ అనే పల్లెటూరి ఆడది బతుకంతా చాకిరీ చేసి, దెబ్బలు తిని, చచ్చాక వచ్చే స్వర్గం మీద ఆశ పెట్టుకుంటుంది. చనిపోయాక అక్కడ తలుపు తెరిస్తే భర్త తెల్లటి అప్సరసల మధ్య కనిపిస్తాడు. నల్లని తనకు అక్కడ చోటు లేదని అర్థమై, తలుపు మూసి భూమికి తిరిగొస్తుంది. రిఫాత్ ప్రార్థనలో నీడ వెతికితే, సాదావీ ఆ నీడ కూడా నీది కాదంది. ఇద్దరిలో ఎవరు సరి అని తేల్చడం సాహిత్యం పని కాదు గానీ, కథగా చూస్తే సాదావీ దగ్గర వాదన ముందు నడుస్తుంది, మనిషి వెనక పడుతుంది. జైనబ్ మనసులో నిలుస్తుంది, కానీ ఆమె వంటగది మనకు కనిపించదు. బయటి ప్రపంచంలో మాత్రం సాదావీ పేరే ఎక్కువ మోగింది. ఇంగ్లీషులోకి ఏ కథ వెళ్తుందన్నది అక్కడి ప్రచురణకర్తల ఆసక్తిని బట్టి ఉంటుంది, తెలుగు పాఠకులకు ఈ కథలు చాలావరకు ఆ దారినే అందుతున్నాయి. ముసుగు, సున్తీ, పరువు హత్య ఉన్న కథ త్వరగా దాటుతుంది. చెట్లు లెక్కపెట్టుకునే గుమాస్తా కథకు ఆలస్యమవుతుంది.

మగ్రిబ్ దేశాల్లో, అంటే ఉత్తర ఆఫ్రికా పడమటి దేశాల్లో, స్వేచ్ఛ అన్న మాటకు మరో బరువు కూడా ఉంది, వలస పాలన నుంచి బయటపడటం. మొరాకోలో ఖన్నాసా బన్నూనా 1967లో తెచ్చిన సంపుటి పేరే ‘మౌనం నశించాలి’. అదే ఏడు అల్జీరియా రచయిత్రి జుహూర్ వనీసీ విముక్తి యుద్ధంలోని స్త్రీల గురించి కథలు ప్రచురించింది. 1980లలో ఆమె ఆ దేశపు తొలి మహిళా మంత్రి కూడా అయింది. యుద్ధంలో తుపాకులు మోసిన ఆడవాళ్లను స్వాతంత్ర్యం వచ్చాక ఇంటికి పొమ్మన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న అనుభవాలు చదివినవారికి ఈ మలుపు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకరి స్వేచ్ఛకు ఇంకొకరు మూల్యం చెల్లించడం గురించి లెబనాన్ రచయిత్రి హనాన్ అల్ షేఖ్ రాసిన ‘పర్షియన్ తివాసీ’ని మించిన కథ లేదనిపిస్తుంది. విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లిని చూడటానికి ఇద్దరు ఆడపిల్లలు తండ్రికి తెలియకుండా వెళ్తారు. చిన్నపిల్ల తల్లిని కావలించుకుంటుంది, ఏడుస్తుంది. అంతలో నేల మీద పరిచిన తివాసీ కంటపడుతుంది. అది తమ పాత ఇంట్లోది. అది పోయిన రోజున తల్లి కూడా ఏడ్చింది. కుర్చీలు అల్లే గుడ్డి ముసలివాడు ఇల్యా దొంగిలించాడని అందరూ అన్నారు. పిల్లకు ఇప్పుడు నిజం తెలిసింది.

ఆ తల్లికి ఇల్లు విడిచే హక్కు ఉంది. ఆ తివాసీ మీద కూడా ఆమెకు హక్కు ఉండొచ్చు. కానీ నింద మోసింది ఇల్యా. రచయిత్రి తల్లిని తిట్టలేదు, పిల్లను ఓదార్చలేదు. స్త్రీ విముక్తిని కోరే సాహిత్యం ఇలాంటి ప్రశ్న వేసుకోగలిగినప్పుడే పెద్దదవుతుంది.

అదే ప్రశ్న గల్ఫ్ కథల దగ్గర మనకు నేరుగా తగులుతుంది. కువైట్ స్త్రీలకు 2005లో ఓటు హక్కు వచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు అక్కడి ప్రముఖ రచయిత్రి లైలా అల్ ఉస్మాన్ తన రచనల్లోని మాటలకు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఆ తరం స్త్రీలు చదువు, ఉద్యోగం, రచన కోసం చేసిన పోరాటం చిన్నది కాదు. అయితే వాళ్లు బయటికి అడుగుపెట్టిన ఇళ్లలో పొయ్యి వెలిగించి, పిల్లల్ని ఎత్తుకున్నవారిలో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, వెళ్లినామెకు ఆ ఇల్లు దాటాలంటే యజమాని అనుమతి కావాలి. అరబ్బీ కథల్లో పనిమనిషి చాలాసార్లు టీ పళ్లెంతో వచ్చి వెళ్లిపోతుంది. కువైట్ రచయిత సౌద్ అల్ సనూసీ నవల ‘వెదురు కాండం’ ఫిలిప్పీన్స్ పనిమనిషి కొడుకు వైపు నుంచి ఈ కథ చెప్పి 2013లో అరబ్బీ నవలా బహుమతి పొందింది. తెలుగు పనిమనిషి మాత్రం ఆ ఇళ్లలో ఉన్నంతగా ఆ కథల్లో లేదు.

ఆశను చూపించే బాధ్యత కూడా లేదనుకున్న రచయిత్రులూ ఉన్నారు. కాసాబ్లాంకాలో 1969లో పుట్టిన మలీకా ముస్తద్‌రఫ్‌కు యవ్వనంలోనే మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్ మీద బతుకుతూ రాసింది. 2004లో వచ్చిన ఆమె సంపుటి ‘ముప్పై ఆరు’ పేరు కాసాబ్లాంకా ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డు నంబరు. ఆమె కథల్లో వీధిలో ఒళ్లమ్ముకుని దెబ్బలు తినేవారు, రోగులు, మగవాళ్ల చేతుల్లో చితికిన ఆడవాళ్లు కనిపిస్తారు. ఎవరికీ చివర్లో కాఫీ దక్కదు. కానీ వాళ్లలో ఎవరూ జాలి అడగరు. వెక్కిరిస్తారు, బూతులు తిడతారు, ఎదుటివాడి నటనను ఇట్టే పసిగడతారు. 2006లో, 37 ఏళ్ల వయసులో మలీకా చనిపోయింది. 2022లో ఆలిస్ గత్రీ అనువాదంలో ఆ కథలు ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. రిఫాత్ తర్వాత ఇన్నేళ్లకు, దాదాపు అవే గదుల గురించి, ఇంత కోపంగా ఒకామె రాయగలిగింది. ఆ కోపాన్ని మారుపేరు చాటున దాచుకోవాల్సిన అవసరం ఆమెకు రాలేదు.